నా పిక్కలో ఆదా అయిన కరెంటు

కరెంటు తక్కువ తాగే యంత్రాన్ని మించిన వరం మనిషికి లేదు! నేను ఫ్రిజ్ గురించి మాట్లాడటం లేదు. నా కుడి పిక్కలో ఉన్న యంత్రం గురించి.

నవ్వకండి. నిరుడు నా కాలి రక్తనాళం పూడుకుపోతే డాక్టర్లు పక్కనుంచి కొత్త దారి వేశారు. ఆ దారిలో రక్తం ఎంత పారుతోందో కొలవడానికి బియ్యపుగింజంత చిప్ పెట్టారు. పారడం తగ్గిన సంగతి వెంటనే తెలియకపోతే కాలు దక్కదట. ఆ చిప్ డిజైన్ చేసింది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ మా ఆవిడ!

దానికి బ్యాటరీ లేదు. సబ్బుబిళ్లంత రీడర్‌ని పిక్కకి ఆనిస్తే కరెంటు చర్మం దాటి లోపలికి వెళ్తుంది. మొదట్లో చిప్ మహా తిండిపోతు. రోజూ పొద్దున్నే మా ఆవిడ నా కాలు ఒళ్లో పెట్టుకుని ఇరవై నిమిషాలు కూర్చునేది. ఆఫీసు కబుర్లు, పక్కింటి గొడవలు, నా గురక మీద ఫిర్యాదులు అన్నీ అప్పుడే. ఎంత టైమ్ వేస్టు!

వృథాని సహిస్తే ఆవిడ ఇంజనీరెలా అవుతుంది? కొత్త ప్రోగ్రాం ఎక్కించి, పని లేనప్పుడు నిద్రపోవడం చిప్‌కి నేర్పింది. ఇరవై నిమిషాలు కాస్తా ఐదయ్యాయి, ఐదు ఒకటైంది. కిందటి నెల రీడర్ పని చేసే ప్యాడ్ ఒకటి పరుపు కింద పరిచి ప్లగ్ పెట్టింది. ఇక నేను పడుకుంటే చాలు, రక్తం లెక్క ఒక గీతగా ఆవిడ ఫోన్‌లో కనబడుతుంది. ఆవిడ ఆఫీసులో కేకు కోశారు.

"ఎలా ఉన్నారు?" అని అడిగే శ్రమ కూడా తప్పింది. ఊళ్లో అందరి పిక్కల్లోనూ ఇలాంటివి పెడితే పలకరింపులే అక్కర్లేదు. అల్లుడి ఫోన్‌లో అత్తగారి గీత, మేనేజరు ఫోన్‌లో గుమాస్తా గీత. నోళ్లకి ఎంత విశ్రాంతి!

మొన్న ఆదివారం పొద్దున ఫోన్‌లో నా గీత మాయమైంది. మా ఆవిడ తడిజుట్టుతో పరుగెత్తుకొచ్చింది. పాదం వెచ్చగా ఉందో లేదో తడిమి, పాత రీడర్ వెతికి తెచ్చి, కాలు ఒళ్లోకి లాక్కుంది. రక్తం బాగానే పారుతోంది. అప్పుడు మంచం కిందకి చూసింది.

"ప్లగ్ ఎవరు పీకారు?"

"దానంతటదే ఊడిందేమో."

"నా పై ప్రాణాలు పైనే పోయాయి, తెలుసా?"

నాకు సిగ్గేసింది. "నువ్వు నా దగ్గర కూర్చుని నెలైంది," అన్నాను.

ఆవిడ ప్లగ్ పెట్టేసింది. మళ్లీ వచ్చి కాలు ఒళ్లో పెట్టుకుంది. "ఇంకోసారి దాన్ని ముట్టుకోకండి. ఆదివారాలు ఇరవై నిమిషాల పాత ప్రోగ్రామే నడుపుతాను," అంది.

కాబట్టి పాఠకులారా, తక్కువ కరెంటు వరమే. వారానికి ఆరు రోజులు.