గుట్ట చుట్టూ మూడు చుట్లు

మరీ పాత కథేం కాదు, మొన్నమొన్నటిదే. ఒక పెద్ద అడవిలో ఉద్యోగాల కమిటీ ఉండేది. అధ్యక్షుడు ఎలుగుబంటి. నాలుగడుగులు వేస్తే నలభైసార్లు రొప్పే ఈ పెద్దమనిషికే, ఎవరికెంత దమ్ముందో తేల్చే పని అప్పజెప్పారు.

ఆయన ఒక్కటే పరీక్ష పెట్టాడు. ఏ ఉద్యోగమైనా సరే, గుట్ట చుట్టూ మూడు చుట్లు పరిగెత్తాలి.

ఏట్లో కొట్టుకుపోయేవాళ్ళను ఒడ్డుకు చేర్చే ఉద్యోగం నీటికుక్కది. పదకొండేళ్ళ సర్వీసు. పాపం, ఆమె కూడా పరిగెత్తింది. పొట్టి కాళ్ళతో సగం చుట్టుకే చతికిలబడింది.

"దమ్ము లేదు. ఇక ఉద్యోగమూ లేదు," అన్నాడు ఎలుగు.

"అయ్యా, ఏట్లో దింపి చూడండి. పొద్దుగూకేదాకా ఎదురీదుతాను."

"దమ్మంటే దమ్మే! నేలమీద ఒకటీ, నీళ్ళలో ఒకటీ ఉంటుందా?"

"ఉంటుందయ్యా. పరుగు కాళ్ళది, ఈత వీపుదీ తోకదీ. ఒళ్ళు రోజూ ఏ పని చేస్తే దానికే దమ్ము కుదురుతుంది."

"నాకే చెప్పొచ్చావా? అయినా ఏట్లో పరీక్షంటే కమిటీ కూడా తడవాలి. రాయవోయ్, అన్‌ఫిట్!"

గుమస్తా నక్క రాసేసింది. ఫస్టొచ్చిన కుందేలుకు ఏటి ఉద్యోగం ఇచ్చారు. అది బిక్కమొహం వేసింది.

"సార్, నాకు ఈత రాదండి."

"నిన్నెవరడిగారయ్యా? నోటిఫికేషన్‌లో ఈత అన్న మాటే లేదు," అంది నక్క.

ఆ వానాకాలం ఏరు పొంగింది. ఎలుగు కొడుకు కాలుజారి అందులో పడ్డాడు. కుందేలు డ్యూటీ మరవలేదు. కొట్టుకుపోతున్న పిల్లవాడితో సమానంగా ఒడ్డు వెంబడి రెండు మైళ్ళు పరిగెత్తింది. ఒక్కసారైనా రొప్పలేదు.

"దూకవేంరా!" అని వెనక నుంచి ఎలుగు గుండెలు బాదుకున్నాడు.

"దూకితే ఇద్దరం పోతాం సార్!"

ఉద్యోగం ఊడినా ఏటి పక్కనే ఉంటున్న నీటికుక్క ఆ అరుపులు విని దూకింది. వరదకు ఎదురీది, పిల్లవాణ్ణి మెడ పట్టుకుని ఒడ్డుకు లాక్కొచ్చింది.

ఎలుగు ఆమె కాళ్ళమీద పడ్డంత పని చేశాడు. "తప్పు నాదేనమ్మా. రేపే పరీక్ష మార్చేస్తాను," అన్నాడు. నీటికుక్కకు సంతోషంతో కళ్ళనీళ్ళు తిరిగాయి.

అన్నట్టే మార్చాడు. ఇకనుంచి ఏ ఉద్యోగమైనా సరే, ఏరు మూడుసార్లు ఈదాలి.

గుట్ట మీదికి కబుర్లు మోసే కొండమేకా, ఏటి ఉద్యోగంలో ఉన్న కుందేలూ మొదటి మునకకే ఫెయిలై ఉద్యోగాలు పోగొట్టుకున్నాయి. నీటికుక్క ఫస్టొచ్చింది. ఫస్టొచ్చిన వాళ్ళకు పై ఉద్యోగం ఇవ్వకపోతే ఎలా? మెడలో దండ వేసి, కబుర్ల సంచీ తగిలించి, ఆమెను గుట్ట ఎక్కమన్నారు. ఏటి ఉద్యోగం ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

నీతి: పరీక్ష తప్పని తేలితే తొందరపడి సంబరపడకండి; కమిటీ ఇంకో తప్పు పరీక్ష పెట్టేదాకా ఓపిక పట్టండి.