వీడ్కోలు సభకు ముందు ఒక చుక్క

ఆ రోజు ఉదయం డిప్యూటీ గారి పథకంలో వేలెత్తి చూపడానికేమీ లేదు. ఏడు గంటలకు కంట్లో ఒక చుక్క, ఎనిమిదిన్నరకు ఆఫీసు, పదిన్నరకు కంట్లో ఇంకో చుక్క, పదకొండుకు వీడ్కోలు సభ, సాయంత్రానికి కుర్చీ.

కుర్చీ అంటే మామూలు కుర్చీ కాదు. లేబుళ్ళు అచ్చువేసే ఆ ప్రెస్సులో రంగులు తనిఖీ చేసే చీఫ్ ఇన్‌స్పెక్టరు కుర్చీ. పెద్ద కిటికీ పక్కన ఉంటుంది. సీసా మీదికైనా సబ్బు మీదికైనా, ఆ కిటికీ వెలుగులో పాసైన లేబులే బయటికి వెళ్తుంది. ఆ కుర్చీ పక్కన ఒక స్టూలు ఉంది. దాని మీద డిప్యూటీ గారు పదకొండేళ్ళుగా కాచుకుని కూర్చున్నారు. ఎంతగా కూర్చున్నారంటే, వాళ్ళ వీధిలో కూడా అసలు పేరు మరిచిపోయి అందరూ డిప్యూటీ గారనే పిలుస్తున్నారు. సొంత బావమరిది కూడా అంతే.

కుర్చీలో ఉన్నాయన జేబులో ఎప్పుడూ ఒక భూతద్దం ఉంటుంది కాబట్టి ఆయన భూతద్దం గారయ్యారు. ఇద్దరికీ మాటల్లేవని కాదు, ఉన్న మాటలన్నీ తగాదాలే. రెండేళ్ళుగా ఒక సబ్బు లేబులు మీది తెలుపు గురించి పోట్లాట నడుస్తోంది. అందులో పసుపు కలిసిందని భూతద్దం గారు, పాలలా తెల్లగా ఉందని డిప్యూటీ గారు. ఇప్పుడు భూతద్దం గారు రిటైరవుతున్నారు. ఇంకో ఏడాది ఉండమని మేనేజరు కాగితం ఇస్తే, "నేనుంటే బాగుండునని ఇక్కడ అనుకునేవాళ్ళెవరున్నారు లెండి" అని సంతకం పెట్టకుండా తిప్పి ఇచ్చేశారు. మనసు మారుతుందేమోనని మేనేజరు ఆ కాగితాన్ని సొరుగులో పెట్టుకున్నాడు. సాయంత్రం దాటితే అది చెత్తబుట్టకే.

ఇక కన్ను సంగతి. పది రోజుల కిందట డిప్యూటీ గారి కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయింది. అది ఇంట్లో భార్యకూ ఆస్పత్రిలో డాక్టరమ్మకూ తప్ప మూడో మనిషికి తెలియదు. ఆఫీసులో నడుం నొప్పి అని సెలవు పెట్టారు. ఎందుకంటే మేనేజరు ఒకసారి అందరి ముందూ అన్నాడు: "ఆ కుర్చీకి కావలసింది కళ్ళు. అద్దాలున్నా ఫరవాలేదు గానీ, కత్తి పడిన కన్ను మాత్రం నాకొద్దు." ఆ మాట డిప్యూటీ గారి గుండెలో ముల్లులా దిగిపోయింది.

"పదిన్నరకు మర్చిపోకండి," అంది భార్య, మందు సీసా ఆయన జేబులో పెడుతూ. "ఒక్క పూట మానేసినా వాపు తిరగబెడుతుందంది డాక్టరమ్మ. చేతులు కడుక్కోండి. సీసా మూతి కంటికి తగలకూడదు. ఎంత మండినా నలపకూడదు."

"సరే సరే."

"మీకు మీరు వేసుకోగలరా అసలు?"

ఈ ప్రశ్న అన్యాయం కాదు. సీసా దగ్గరికి రాగానే డిప్యూటీ గారి కన్ను తలుపు వేసేసుకుంటుంది. మొదటి మూడు రోజులూ మందు కనుబొమలకూ మీసాలకూ పట్టించడమే అయింది. చివరికి వెల్లకిలా పడుకుంటే తప్ప చుక్క దారిలో పడదని తేలింది.

"పడుకుని వేసుకుంటాలే. సభ టైముకి మంట తగ్గిపోతుంది," అని ఆయన బయల్దేరారు.

ఆఫీసులో వెల్లకిలా పడుకునే చోటు ఒక్కటే, కాగితాల గోడౌను. పదిన్నరకు చేతులు కడుక్కుని, నడుం మీద చెయ్యి వేసుకుని, డిప్యూటీ గారు అందులోకి వెళ్ళి కాగితం కట్టల మీద పడుకున్నారు. మొదటి చుక్క చెవిలో పడింది. రెండోది ముక్కు మీద పడింది. మూడోది పడాల్సిన చోటే పడింది. పడగానే భగ్గుమంది. ఆ మంటకు కుడికన్ను ఏడుస్తుంటే తోడబుట్టిన పాపానికి ఎడమకన్ను కూడా మొదలుపెట్టింది. సీసా జేబులో పడేసి, కళ్ళు మూసుకుని, పళ్ళు బిగబట్టారు.

సరిగ్గా అప్పుడే మిషన్ మేస్త్రీ కాగితం కోసం లోపలికి వచ్చాడు.

"అయ్యో! ఏమైంది సార్?"

"ఏం లేదు. నువ్వెళ్ళు."

"నడుమా సార్? పట్టమంటారా?"

"నడుం కాదయ్యా!" అనేశారు డిప్యూటీ గారు. తర్వాత నాలిక కరుచుకున్నారు గానీ అప్పటికే మాట జారిపోయింది.

మేస్త్రీ ఒక్క నిమిషం ఆలోచించాడు. నడుం కాదు. మరి ఈ రోజు ఏం రోజు? వీడ్కోలు రోజు. అతని మొహం మెత్తబడిపోయింది. "పైకి అలా పోట్లాడుతుంటే మేమంతా ఏదో అనుకున్నాం సార్," అని, కాగితం సంగతే మరిచిపోయి, చెప్పులు చప్పుడు కాకుండా వెళ్ళిపోయాడు.

గోడౌనుకూ మేనేజరు గదికీ మధ్య వంద అడుగులుంటాయి. ఆ వంద అడుగుల్లో కబురు బాగా ఒళ్ళు చేసింది. మిషన్ల దగ్గరికి వచ్చేసరికి డిప్యూటీ గారు కాగితం కట్టను కౌగిలించుకుని ఏడుస్తున్నారు. కటింగు దగ్గరికి వచ్చేసరికి మూడు రోజులుగా తిండి మానేశారు. మేనేజరు చెవిలో పడేసరికి, భూతద్దం గారు లేని ప్రెస్సులో తానూ ఉండనని రాజీనామా రాస్తున్నారు.

మేనేజరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఒకే రోజు ఇద్దరు ఇన్‌స్పెక్టర్లూ పోతే రేపు లేబుళ్ళు పాస్ చేసేదెవరు? "పదకొండు దాకా ఆగొద్దు. సభ ఇప్పుడే!" అన్నాడు. సొరుగులోని కాగితం తీసి జేబులో పెట్టుకున్నాడు కూడా.

ఇద్దరు మనుషులు గోడౌనుకు వచ్చి డిప్యూటీ గారిని చెరో రెక్కా పట్టుకుని హాల్లోకి నడిపించారు. మంట ఇంకా ఆరలేదు. నీళ్ళు రెండు చెంపల మీదా కారుతున్నాయి. టైపిస్టు జాలిపడి చేతిరుమాలు ఇచ్చింది. నలపకూడదని భార్య చెప్పిన మాట గుర్తుకొచ్చి ఆయన రుమాలును చేత్తో పట్టుకుని నిలబడ్డారు.

"చూశారా, తుడుచుకోవడం కూడా లేదు," అన్నాడు మేస్త్రీ గుసగుసగా. నలుగురికి వినపడేంత గుసగుస అది.

భూతద్దం గారు వేదిక మీద టీ కప్పు పట్టుకుని ఈ తమాషా అంతా చూస్తున్నారు. మొహంలో ఏమీ తెలియడం లేదు.

డిప్యూటీ గారు ఉపన్యాసం కాగితం తీశారు. వెనకటి నాలుగు వీడ్కోలు సభల్లోంచి ఏరి, పేరు మార్చి టైపు చేయించిన కాగితమది. అందులో కృషి, అంకితభావం, లోటు తీరనిది అన్న మాటలన్నీ ఉండాల్సిన చోట ఉన్నాయి. కానీ మందు పొరలోంచి చూస్తే అక్షరాలు నీళ్ళలో చేపపిల్లల్లా కదులుతున్నాయి. ఒక్కటీ పట్టుబడటం లేదు. హాలంతా ఎదురుచూస్తోంది. ఏదో ఒకటి మాట్లాడాలి.

"నేనిక్కడ చేరినప్పుడు," అన్నారు, "నాకు ఎరుపంటే ఒకటే ఎరుపు. ఈయన నన్ను ఆ కిటికీ దగ్గర నిలబెట్టి పద్నాలుగు ఎరుపులు చూపించారు. వారం రోజులు పట్టింది. ఒక్కసారి కూడా విసుక్కోలేదు."

ఇది ఆయన అనుకున్న మాట కాదు. కాగితం లేకపోతే ఇదే వచ్చింది. ఆగుదామనుకున్నారు గానీ, వెనకే ఇంకో మాట వచ్చి నిలబడింది.

"మూడో ఏడు నేనొక పెద్ద ఆర్డరు తప్పు రంగులో పాస్ చేశాను. అప్పుడున్న మేనేజరు ముందు ఈయన ఆ తప్పు తనదన్నారు. నా ఉద్యోగం నిలబడింది. నేనేం చేశానో తెలుసా? థాంక్స్ కూడా చెప్పలేదు. ఈయన్ని చూసినప్పుడల్లా అది గుర్తొచ్చేది. గుర్తొచ్చినప్పుడల్లా ఒళ్ళు మండేది. అందుకే పోట్లాడేవాణ్ణి. తప్పు చేసింది నేను, కోపం తెచ్చుకుందీ నేనే." "ఆ సబ్బు లేబులు కూడా... అందులో పసుపు ఉంది సార్. మీరే కరెక్టు."

ముందు టైపిస్టు ముక్కు చీదింది. ఇక అందరూ మొదలుపెట్టారు. మేస్త్రీ అయితే నూనె చేతులతోనే మొహం తుడుచుకున్నాడు.

మేనేజరు సమయం వృథా చెయ్యలేదు. జేబులోంచి కాగితం తీసి భూతద్దం గారి ముందు పెట్టాడు. "ఇప్పటికైనా ఏమంటారు?"

భూతద్దం గారు టీ కప్పు కింద పెట్టి, డిప్యూటీ గారి వంక చాలాసేపు చూశారు. "అంతగా అడుగుతుంటే కాదనడం బాగుండదు," అని కలం తీశారు.

డిప్యూటీ గారికి అప్పటికి గానీ స్పృహ రాలేదు. పదకొండేళ్ళ కుర్చీ కళ్ళ ముందే, అదీ తన కళ్ళ మూలంగానే జారిపోతోంది. "ఆగండాగండి! అవి కన్నీళ్ళు కావు!" అని అరిచారు.

"కావు సార్," అన్నాడు మేస్త్రీ, వెక్కుతూ. "అది మీ గుండె."

చప్పట్లు మిన్నంటాయి. కంటి మందని చెబితే ఈ ఏడాదే కాదు, ఈ జన్మకే కుర్చీ పోతుంది. చెప్పకపోతే ఈ ఏడాదే పోతుంది. కక్కలేక మింగలేక డిప్యూటీ గారు నోరు తెరుచుకుని నిలబడి ఉండగానే సంతకం అయిపోయింది. అప్పుడు ఎవరో తీసిన ఆ నోరు తెరుచుకున్న ఫోటోనే తర్వాత గోడకు తగిలించారు.

మూడు గంటలకు మళ్ళీ చుక్క వేళయింది. గోడౌనుకు వెళ్ళే ధైర్యం లేక, అందరూ టీకి వెళ్ళాక, డిప్యూటీ గారు ఇన్‌స్పెక్షన్ గదిలో తలుపు దగ్గరికి వేసి, తల వెనక్కి వంచి సీసాతో యుద్ధం చేస్తున్నారు. వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి సీసా అందుకుంది.

"పైకి చూడు. కింది రెప్ప లాగి పట్టుకో. ఆ కాలెండరు చూడు, నన్ను కాదు," అన్నారు భూతద్దం గారు. చుక్క చక్కగా కంట్లో పడింది. "ఇప్పుడు మూసుకో. గట్టిగా కాదు. నాకు రెండు కళ్ళకూ ఈ ఆపరేషన్ అయింది, మూడేళ్ళ కిందట. మోకాళ్ళ నొప్పులని సెలవు పెట్టాను."

డిప్యూటీ గారు కళ్ళు మూసుకునే అడిగారు. "మీకు... పొద్దున్నే తెలుసా?"

"రెండేళ్ళు తెలుపన్నది ఇవాళ పసుపుగా కనపడిందంటే మారింది మనిషి కాదు, కన్ను. శుక్లం పొర తీసేదాకా ఆ పసుపు కంటికి ఆనదు. ఆ మాట నీ నోట రాగానే తెలిసిపోయింది."

"మరి అది మందని తెలిసీ ఎందుకు ఉంటానన్నారు సార్?"

"ఈ మందు మంట నాకు తెలియందా? ఎంత మండినా అయిదు నిమిషాలు." భూతద్దం గారు సీసా మూత బిగించి ఆయన జేబులో పెట్టారు. "నువ్వు అరగంట ఏడ్చావు."

డిప్యూటీ గారు కళ్ళు మూసుకునే తన స్టూలు తడుముకుని కూర్చున్నారు. చాలా ఏళ్ళ తర్వాత ఆ గదిలో ఇద్దరూ ఏ రంగు గురించీ పోట్లాడకుండా కాసేపు కూర్చున్నారు. డిప్యూటీ గారికి మనసు తేలికపడింది. ఆ సంగతి ఆయనకే ఆశ్చర్యంగా ఉంది.

సాయంత్రం ఇంటికెళ్ళి జరిగినదంతా పూసగుచ్చినట్టు చెప్పి, పదకొండేళ్ళు ఆగినవాడికి ఇంకో ఏడాది ఒక లెక్కా అన్నారు డిప్యూటీ గారు. లెక్కే, అంది ఆయన భార్య.