గిలక్కాయకు కట్టిన హెచ్చరిక

"ఇకమీదట ఈ దేశంలో ఏ పౌరుడూ తెలియక విషం మింగడు. పూర్తి సమాచారంతో మింగుతాడు!" అని వినియోగదారుల శాఖ మంత్రిగారు ప్రకటించగానే హాలు చప్పట్లతో మోగిపోయింది. నేనూ కొట్టాను. నాది స్టిక్కర్లూ అట్టలూ అచ్చువేసే చిన్న ప్రెస్సు. అందరికంటే మనస్ఫూర్తిగా కొట్టింది నేనే అనుకుంటాను.

చట్టం నిజంగా గొప్పది. హాని చేసే రసాయనం ఉన్న ప్రతి వస్తువుకీ హెచ్చరిక ఉండాలి. పసిపిల్లల వస్తువులకైతే రసాయనం ఉన్నా లేకపోయినా ఉండాలి, ఎందుకంటే పిల్లల విషయంలో మంత్రిగారు రాజీపడరు. హెచ్చరిక లేని వస్తువును పసిబిడ్డ చేతికి ఎవరిచ్చినా నేరమే. నేరం పట్టుకోవడానికి ఇన్‌స్పెక్టర్లెందుకు, జీతాలు దండగ. దారినపోయే దానయ్య ఎవరైనా సరే కోర్టుకెక్కవచ్చు. గెలిస్తే జరిమానాలో వాటా ఉంటుందని మంత్రిగారు చివర్లో గొంతు తగ్గించి చెప్పారు. మా బావకు ఉపన్యాసం మొత్తంలో అదొక్కటే వినబడింది.

మా బావ, అంటే మా అక్క మొగుడు, లాయరు. అప్పటిదాకా ఆయన నల్లకోటును ఆయనకంటే హ్యాంగరే ఎక్కువ తొడుక్కుంది. చట్టం రాగానే ఆయనలోని ప్రజాసేవకుడు నిద్రలేచాడు. పేరు దగ్గర ఖాళీ వదిలిన నోటీసులు నా దగ్గరే అచ్చువేయించుకుని, సంచీలో పెట్టుకుని వీధిలోకి దిగాడు. చెప్పుల షాపైనా, గొడుగులు బాగుచేసే ముసలాయనైనా ఆయన అడిగేది ఒకటే.

"మీ పూర్తి పేరు, తండ్రిగారి పేరు చెప్తారా?"

ఆ మర్యాద చూసి చాలామంది తమకేదో బహుమతి వచ్చిందనుకుని, నవ్వుతూ చెప్పేసేవారు.

దాంతో ఊరంతా హెచ్చరికలు అంటించేసుకుంది. రసాయనం ఉందో లేదో పరీక్ష చేయించడం కంటే ఉందని ఒప్పేసుకోవడం తేలిక. చీపుళ్లకు అంటించారు, కుర్చీలకు అంటించారు. సెలూనతను అద్దానికే అంటించాడు. మొహం చూసుకున్న ప్రతివాడికీ నుదుటి మీద 'హానికరం' అని కనిపించేది. మా ప్రెస్సు ఆగకుండా తిరిగింది.

అప్పుడు మంత్రిగారి దూరదృష్టి ఇంకాస్త ముందుకెళ్లింది. "లేని విషాన్ని ఉందని చెప్పడం కూడా మోసమే!" అని చట్టానికి సవరణ తెచ్చారు. మా పిన్నికి కష్టాలు అక్కడ మొదలయ్యాయి.

పిన్ని చెక్క గిలక్కాయలు చేసి అమ్ముతుంది. మా పిల్లలతో సహా వీధిలో ప్రతి బిడ్డా చిగుళ్లు దురదపెట్టినప్పుడు కొరికింది వాటినే. తను వాడే నిగనిగలాడే ఎర్రరంగులో సీసం ఉందని ఒక డాక్టరమ్మ చెప్పిన రోజునే పిన్ని ఆ డబ్బాను అటకెక్కించేసింది. అప్పట్నుంచీ గింజలూ వేర్లూ ఉడికించి తీసిన రంగులే పూస్తోంది. ఆ షాపు తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు.

ఒక ఆదివారం బావ పిన్ని ఇంటికి భోజనానికి వెళ్లాడు. నేనూ ఉన్నాను. అల్లుడి హోదాలో రెండోసారి వడ్డించుకుని తిన్నాడు. చెయ్యి కడుక్కుని, లాయరు హోదాలో సంచీ తెరిచాడు.

"అత్తయ్యగారూ, మీ పూర్తి పేరు, తండ్రిగారి పేరు చెప్తారా?"

"మా నాన్న పేరు నీ పెళ్లికార్డు మీద వేయించాం కదయ్యా అల్లుడూ. అప్పుడు చదువుకోలేదా?"

"చట్టం ముందు చుట్టరికాలుండవండీ. గిలక్కాయకు హెచ్చరిక లేదు."

"సీసం లేందే ఉందని ఎలా రాయను?"

"రాయకపోతే షాపుకి తాళం పడుతుందండీ. లేకుండా రాస్తే, అబద్ధపు హెచ్చరిక అంటూ మళ్లీ నేనే రావాలి. కూర మాత్రం అద్భుతమండీ."

నాకు ఒళ్లు మండిపోయింది. కానీ ఆ నోటీసు అచ్చువేసింది నేనే. మర్నాడు పిన్నిని వెంటబెట్టుకుని శాఖ ఆఫీసుకు వెళ్లాను. ఆఫీసరు చాలా మంచివాడు. తన బల్లకీ, కుర్చీకీ, మంచినీళ్ల గ్లాసుకీ హెచ్చరికలు అంటించుకుని చట్టానికి నిలువెత్తు ఉదాహరణగా కూర్చున్నాడు. అంతా విని తేలిగ్గా నవ్వేశాడు.

"వెరీ సింపులమ్మా. హెచ్చరిక ఉండాలి, అది నిజం కావాలి. అంతేగా? కాస్త సీసం కలిపెయ్యండి."

"పసిపిల్లలు నోట్లో పెట్టుకుంటారు బాబూ!"

"అందుకేగా హెచ్చరిక!"

"ఎంత కలపాలండీ?" అన్నాను నేను, నా గొంతు నాకే నమ్మశక్యం కాకుండా.

"పరీక్షలో కనపడేంత. మరీ ఎక్కువొద్దు. మనమూ మనుషులమే కదా."

పిన్ని ఆయన గ్లాసుకి అంటించిన హెచ్చరిక వంక చూసింది. "వస్తువంటే గిలక్కాయ ఒక్కటేనా బాబూ? దానికి కట్టినవి కూడా లెక్కలోకొస్తాయా?"

"కట్టినవీ చుట్టినవీ అన్నీ కలిపే ఒక వస్తువమ్మా. పరీక్షా అలాగే చేస్తాం."

"చల్లగా ఉండు నాయనా," అని లేచింది పిన్ని.

ఆ సాయంత్రమే అటక మీది ఎర్రరంగు డబ్బా పట్టుకుని నా ప్రెస్సుకొచ్చింది. "ఒరేయ్, హెచ్చరికను దీంతో అట్టముక్కల మీద వెయ్యి. దారం పొడుగ్గా ఉండాలి. చేతికి గుడ్డ చుట్టుకో. అయ్యాక సబ్బుతో శుభ్రంగా కడుక్కో."

ఆ వారం నుంచి ప్రతి గిలక్కాయకీ ఎర్రటి హెచ్చరిక వేలాడింది. షాపు గుమ్మం బయట, వీధి వైపు, ఒక కత్తెరా మూతడబ్బా కూడా వేలాడాయి. బిడ్డనెత్తుకుని వచ్చిన తల్లులకు పిన్ని ఏం చెప్పి పంపేదో నాకు తెలియదు. డబ్బా మాత్రం తరచూ అట్టముక్కలతో నిండేది.

దేశం మొత్తం మీద హెచ్చరిక నూటికి నూరుపాళ్లు నిజమని ల్యాబులో తేలిన వస్తువు మా పిన్ని గిలక్కాయ ఒక్కటేనట. మిగతావాటిని ఎవరూ పరీక్షించలేదు. మంత్రిగారు ఉప్పొంగిపోయి నిజాయితీ పురస్కారం ప్రకటించారు. ఇవ్వడానికి స్వయంగా మనవరాలిని ఎత్తుకుని మరీ వచ్చారు. స్టేజీ మీద పిన్నికి ఇత్తడి బిళ్ల ఇచ్చారు. దానికీ హెచ్చరిక ఉంది.

"సార్, పాపకు గిలక్కాయ ఇవ్వండి, ఫొటో!" అని కెమెరావాళ్లు అరిచారు.

మంత్రిగారు గిలక్కాయ అందుకున్నారు. పాప నోరు తెరిచి ముందుకు వంగింది. ఎర్ర అక్షరాలు మంత్రిగారి కంట్లో పడ్డాయి. తన చట్టం ఫలితాన్ని ఆయన చదవడం అదే మొదటిసారి అనుకుంటాను. చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకున్నారు. పాప గుక్కపట్టింది.

"అమ్మా, ఇందులో నిజంగానే ఉందా?" అని పిన్ని వైపు వంగి గుసగుసగా అడిగారు.

"మీ ల్యాబే చెప్పిందిగా బాబూ. దానికేగా ఈ బిళ్ల."

"అది సరే... హెచ్చరిక లేనిది ఒకటి దొరుకుతుందా? మా ఇంటికోసం."

పిన్ని సంచీలోంచి కత్తెరా మూతడబ్బా తీసింది. దారం తెంపి, అట్టముక్కను డబ్బాలో వేసి మూతపెట్టింది.

"ఇప్పుడు లేదండీ."

"ఏది? హెచ్చరికా?"

"అదీ, సీసమూ, రెండూనూ."

మంత్రిగారు క్షణం ఆలోచించి, తన చేత్తోనే గిలక్కాయను పాపకిచ్చారు. పాప కసుక్కున కొరికి, కిలకిలా నవ్వింది. కెమెరాలు మెరిశాయి. హాలంతా చప్పట్లు. ఈసారి కూడా నేను మనస్ఫూర్తిగానే కొట్టాను.

ఆ చప్పట్ల మధ్యలోనే మా బావ లేచి స్టేజీ ఎక్కాడు. సంచీ తెరిచి, పెన్ను మూత తీసి, చేతులు కట్టుకున్నంత వినయంగా అడిగాడు.

"సార్, మీ పూర్తి పేరు, తండ్రిగారి పేరు చెప్తారా?"

మంత్రిగారు నవ్వుతూ చెప్పేశారు.