క్వారీ చెరువులో మునిగిన ముసలి

"బామ్మర్దీ! ఈ భూప్రపంచంలో నేరస్తులు రెండే రకాలు. నా చేతికి చిక్కినవాళ్ళు, ఇంకా చిక్కనివాళ్ళు!"

బస్సు కిటికీలోంచి శూన్యంలోకి చూస్తూ మా బావ ఈ మాటన్నాడు. మొదటి రకంలో ఇప్పటిదాకా ఒక్కరూ లేరని గుర్తు చేద్దామనుకున్నాను గానీ, పక్కనే మా అక్క కూర్చుని ఉంది, ఊరుకున్నాను.

మా బావకి మైకు సెట్లు అద్దెకిచ్చే షాపుంది. ఏళ్ళ తరబడి స్పీకర్ల పక్కన నిలబడి "హలో, మైక్ టెస్టింగ్" అనీ అనీ ఆయన చెవులు సగానికి సగం పోయాయి. ఆయన మాత్రం తనవి పాముచెవులంటాడు. షాపులో పని లేనప్పుడు నేరపరిశోధన చేస్తాడు. వీధిలో వాళ్ళు వెటకారంగా "డిటెక్టివ్ డేగ" అంటే, దాన్ని బిరుదనుకుని బోర్డు మీద రాయించుకున్న మనిషి.

పెళ్ళయ్యాక ఇన్నేళ్ళకి ఇద్దరూ కలిసి చేస్తున్న మొదటి విహారయాత్ర ఇది. సామాన్లు మొయ్యడానికి నేను. మా అక్క ఒకే షరతు పెట్టింది.

"చెరువులన్నీ చూద్దాం. కొండ మీద కోట చూద్దాం. కానీ 'కేసు' అన్న మాట మీ నోట్లోంచి వచ్చిందో, ఆ క్షణమే వెనక్కి బస్సెక్కేస్తాను."

"కేసా? ఎక్కడ?" అన్నాడు బావ.

అక్కడి చెరువులు దేవుడు పెట్టినవి కావు. ఒకప్పుడు కోట కట్టడానికి రాయి తీసిన గుంటలు. రాజులు పోయాక వ్యాపారులొచ్చి ఇంకా లోతుకి తవ్వారు. మంచి రాయి అయిపోయాక వాళ్ళూ పోయారు, ఊట నీరు వచ్చి చేరింది. మెట్లు మెట్లుగా కోసిన బండల నడుమ ఆకుపచ్చటి నీళ్ళు, రాళ్ళబళ్ళు నడిచిన ఇనుప పట్టాలు, పైన సగం కూలిన బురుజు. చూస్తుంటే నాకు నోట మాట రాలేదు. బావకి వచ్చింది.

"శవాన్ని మాయం చెయ్యడానికి ఇంతకన్నా మంచి చోటు ఉంటుందా!"

మొదటి చెరువులో బోట్లు తిప్పేది ఒక మొగుడూ పెళ్ళాం. వాళ్ళ బోట్ల షెడ్డు పక్కనే మాకు గది దొరికింది. బోటాయన తల్లి టికెట్ల కిటికీలో కూర్చుంటుంది. ఆవిడ కొత్తగా పళ్ళసెట్టు పెట్టించుకుంది. నోరు మూత పడటం లేదు, ఏ అర్థంలో తీసుకున్నా సరే. పడవలో లేచి నిలబడి దిక్కులు పరికిస్తున్న మా బావని మొదటిరోజే ఒడ్డు మీంచి కడిగిపారేసింది.

మర్నాడు పొద్దున నేను పళ్ళు తోముకుంటుంటే బావ వచ్చి చొక్కా పట్టుకుని షెడ్డు వెనక్కి ఈడ్చుకుపోయాడు. రేకు గోడకి చెవి ఆనించి, నన్నూ ఆనించమన్నాడు. రేకు అవతల మాటలు ఇవతలికి అరిగిపోయి వస్తున్నాయి. మా చెవుల్లో పడింది మాత్రం ఇదీ.

"ముసలి మునిగిపోయిందిగా! ఇప్పుడెలా?" బోటావిడ గొంతు.

"మెల్లగా మాట్లాడవే. మధ్యాహ్నం ఆఫీసరొస్తాడు. ఈలోగా పైకి తియ్యకపోతే మన లైసెన్సు గోవిందా."

"మొన్ననేగా కొత్త పళ్ళు పెట్టించాం!"

"పళ్ళతో సహా అడుక్కిపోయింది."

బావ నా వైపు తిరిగాడు. ఆ మొహంలో అంత ఆనందం నేను ఆయన పెళ్ళిలో కూడా చూడలేదు.

"హత్య!" అన్నాడు, తను గుసగుస అనుకునే గొంతుతో. బురుజు మీద పావురాలు ఎగిరిపోయాయి.

టికెట్ల కిటికీ మూసి ఉంది. "మీ అత్తగారేరమ్మా?" అని నేను బోటావిడని అడిగాను. ఆవిడ తడబడి, "ఊ... ఊళ్ళోకి వెళ్ళింది" అని నీళ్ళ వైపు చూసింది. నిజం చెప్పొద్దూ, నాకూ అనుమానం పుట్టింది.

బావ తిన్నగా ఒడ్డుకి వెళ్ళి, తాడు చుడుతున్న బోటాయన ముందు నిలబడ్డాడు.

"నీ ఆట కట్టు! ముసలి ఎక్కడ?"

ఆయన చేతిలో తాడు జారిపోయింది. "మీకెలా తెలిసింది బాబూ?"

"ప్రశ్నలు నేనడుగుతాను. ఎలా జరిగింది?"

"నిన్న సాయంత్రమండీ. నలుగురు ఎక్కాల్సింది ఆరుగురు ఎక్కేశారు. వద్దంటే వింటేనా!"

"ముసలి మీద ఆరుగురా!" బావ గుండె పట్టుకున్నాడు.

"రోజూ ఎక్కుతారు కదండీ. పిల్లలైతే మెడ మీద కూడా కూర్చుంటారు. నిన్న అడుగున చిల్లు పడింది. వాళ్ళు ఒడ్డుకి దూకేశారు గానీ, క్వారీ గుంట కదండీ, పక్కనే నిలువు లోతు. బుడుంగుమంది."

"ఎన్నాళ్ళుగా ఉంటోంది మీ దగ్గర?"

"పెళ్ళయిన కొత్తలో తెచ్చుకున్నామండీ. పాతదైపోయింది, వదిలించుకుని కొత్తది తెచ్చుకోమని అందరూ చెబుతూనే ఉన్నారు. మాకే మనసొప్పలేదు." బోటాయన కళ్ళు తుడుచుకున్నాడు. "ఎవరికీ చెప్పకండి బాబూ. లైసెన్సు పోతే మాకు ఇంకో బతుకు లేదు. ఈ నీళ్ళనే నమ్ముకున్నాం."

ఆయన ఏడుస్తుంటే నాకు జాలేసింది. హంతకుడి మీద జాలిపడొచ్చా అని సందేహం కూడా వచ్చింది. బావకి ఏ సందేహాలూ లేవు. సిగ్నల్ కోసం ఓ బండరాయి ఎక్కి పోలీసులకి ఫోన్ చేశాడు.

"హలో! క్వారీ చెరువులో ముసలి! అవునండీ, ముసలి! నిన్నటినుంచీ నీళ్ళలోనే ఉంది! పళ్ళా? ఉన్నాయండీ, మొత్తం సెట్టు! ఏంటీ? అరిచిందా అనా? అరిచే ఉంటుందండీ, పాపం!"

మా అక్క గదిలోంచి బయటికొచ్చింది. "ఎవరితోనండీ ఆ కేకలు? కేసా?"

"కేసు కాదే. ఘోరం!"

అక్క గిర్రున వెనక్కి తిరిగింది. లోపలికెళ్ళి చీరలు మడత పెట్టడం మొదలుపెట్టింది. అది చూసి బోటాయన కన్నా నాకే ఎక్కువ ఏడుపొచ్చింది. ఎన్నాళ్ళనుంచో ఎదురు చూసిన ప్రయాణం అది, పాపం.

పోలీసుల కోసం చూస్తుంటే అటవీశాఖ జీపొచ్చింది. జీపు మీద పెద్ద బోను, వెనక వలలు, ముందు ఇనుప తాడు చుట్టిన చక్రం. దాని వెనకాల ఆటోల్లో, స్కూటర్ల మీద సగం ఊరు.

"ఎక్కడ?" అన్నాడు రేంజరు దిగుతూనే.

"అదిగో, ఆ బండ కింద," చూపించాడు బావ.

"పొడవెంత ఉంటుంది?"

"పొడవేం కాదండీ. కాస్త గూని కూడానూ."

రేంజరు ఆయన్ని ఎగాదిగా చూసి, పనివాళ్ళకి సైగ చేశాడు. కొక్కేలు కట్టిన వల నీళ్ళలోకి దిగింది. కాసేపటికి దేనికో తగులుకుంది. జీపు గుర్రుమంది, ఇనుప తాడు బిగిసింది, నీళ్ళు సుడి తిరిగాయి. బోటావిడ కొంగు నోట్లో కుక్కుకుంది.

ముందు రెండు గుడ్లు బయటికొచ్చాయి. తర్వాత బారెడు నోరు, నోటినిండా తెల్లటి పళ్ళు.

జనం ఒక్కసారి వెనక్కి పరిగెత్తారు. మా బావ బోనులోకి దూరి తలుపేసుకున్నాడు.

అది నెమ్మదిగా ఒడ్డుకొచ్చింది. ఆకుపచ్చ పెయింటు, వీపు మీద నాలుగు సీట్లు, అడుగున పెడల్సు, చిల్లులోంచి ధారగా నీళ్ళు.

"మన మొసలి! వచ్చేసిందయ్యా మన మొసలి!" అంటూ బోటావిడ దాని మెడ కావలించుకుని భోరుమంది.

అప్పటికి నాకు వెలిగింది. మన భాషలో ముసలమ్మ మునిగినా మునిగిందనే అంటాం, మొసలి మునిగినా మునిగిందనే అంటాం. ఆ రెంటికీ మధ్య ఉన్నది ఒకే ఒక్క అక్షరం. రేకు గోడ దాన్ని మింగేసింది. బావ 'ముసలి' అని అరిస్తే పోలీసులు 'మొసలి' అని విని అటవీశాఖకి కబురు పెట్టారు, అంతే.

ఇంతలో ఎవరిదో స్కూటర్ మీంచి అసలు ముసలావిడ దిగింది. "క్రేనువాడు రానన్నాడురా!" అని ఆయాసపడుతూ జనాన్ని తోసుకుని వచ్చి, మొసలిని చూసి, "హమ్మయ్య" అని దాని వీపు మీదే కూలబడింది. ముసలి మొసలెక్కింది.

అక్కడితో అయిపోతే బాగుండేది. రేంజరు మొహం ఎర్రబడింది.

"బొమ్మ కోసం నన్ను రప్పిస్తారా? జనాన్ని పోగెయ్యడానికి ఈ బోటువాళ్ళు ఆడిన నాటకం ఇది! ఇప్పుడే కంప్లెయింటు పెడతా!"

సరిగ్గా అప్పుడే లైసెన్సుల ఆఫీసరు కారు దిగాడు. బోటాయన చేతులు జోడించి నిలబడ్డాడు. మొగుడూ పెళ్ళాల మొహాల్లో నెత్తుటి చుక్క లేదు.

బోను తలుపు కిర్రుమంది. బావ బయటికొచ్చాడు.

"ఫోన్ చేసింది నేనండీ. వీళ్ళకేం తెలీదు. ముసలావిడ మునిగిందనుకున్నాను." గుటక మింగాడు. ఓసారి మా అక్క వైపు చూశాడు. "నాకు... సరిగ్గా వినపడదండీ."

ఇన్నేళ్ళలో ఆయన ఆ మాట డాక్టరు దగ్గర కూడా ఒప్పుకోలేదు.

"ఆ సంగతి ఫోన్లోనే తెలిసిందట పోలీసులకి," అన్నాడు రేంజరు, కోపం సగం చల్లారి. "కరిచిందా అనడిగితే అరిచిందన్నారట."

ఆఫీసరు మొసలి కడుపు చూశాడు, ఒడ్డున కిక్కిరిసిన జనాన్ని చూశాడు, అప్పుడే టికెట్ల కిటికీ ముందు కట్టిన క్యూని చూశాడు. "ఆ చిల్లు పూడ్చి, నాకు చూపించాకే దీన్ని దింపండి," అని సంతకం పెట్టేశాడు. బోటాయన బావ చేతులు పట్టుకుని వదల్లేదు.

అక్క సంచీ తీసుకుని వచ్చింది. బస్సు వైపు వెళుతుందేమోనని నేను భయపడ్డాను. ఆవిడ బావ పక్కన నిలబడి, చాలా ఏళ్ళ తర్వాత ఆయన చెయ్యి పట్టుకుంది.

"పదండి," అంది మెత్తగా. "రెండో చెరువు చూద్దాం."

బావ కళ్ళు తళుక్కుమన్నాయి.

"రెండో శవమా? ఎక్కడ?"