దావీదు కారు స్టీరింగు

ఆ శనివారం పొద్దున రంగనాయకులు పెట్టుకున్న పని ఒక్కటే. కాఫీ తాగి, తువ్వాలులో చుట్టిన కారును బిస్కెట్ల డబ్బాలో పెట్టుకుని, తొమ్మిది గంటల బస్సులో నెల్లూరు వెళ్ళి చేతిపనుల ప్రదర్శనలో అప్పగించి రావాలి. పన్నెండు దాటితే ఏ వస్తువూ తీసుకోమని వాళ్ళు కాగితం మీద అచ్చేసి మరీ పంపారు.

కారంటే ఏడంగుళాల కారు. ఇందుకూరుపేటలో రిజిస్ట్రారు ఆఫీసు అరుగు మీద కూర్చుని దస్తావేజులు రాసే రంగనాయకులు, కిరసనాయిలు డబ్బా రేకు కత్తిరించి, రైసుమిల్లు చెంచురామయ్య గారి అంబాసిడర్‌ను అడుగుకు అరంగుళం లెక్కన అచ్చంగా దించాడు. మిల్లు ముందు ఆ కారు ఆగినప్పుడల్లా దర్జీ టేపు పట్టుకుని దాని చుట్టూ తిరిగి కొలతలు రాసుకున్నాడు. వెనక ఎర్రదీపాలు సీలు వేసే లక్కతో పెట్టాడు. తలుపుల అంచులు, కిటికీ చట్రాలు దస్తావేజు కలంతో వెంట్రుకంత సన్నంగా గీశాడు. ఇట్లాంటి కార్లు చేసేవాడు చుట్టుపక్కల ఒక్కడే ఉన్నాడని జనం చెప్పుకునేవారు. మూడేళ్ళపాటు ఆ ఒక్కడు తానే.

పోయినేడు ఊరి చివర డిస్పెన్సరీ కాంపౌండరు దావీదు వచ్చి గంటసేపు కారు ముందు కూర్చున్నాడు. రేకు ఎట్లా వంచాలి, రంగు ఎన్ని పూతలు వెయ్యాలి అని అడిగాడు. గురువుననిపించుకోవాలన్న ముచ్చట కొద్దీ రంగనాయకులు ఉన్నదంతా చెప్పేశాడు. ఆ చెప్పినందుకు ఏడాదిగా చెంపలు వేసుకుంటున్నాడు. దావీదు కార్ల టైర్లు పాత స్టెతస్కోపు గొట్టంతో చేసినవి. వాటి అద్దాలు కడిగేసిన ఎక్స్‌రే ఫిల్ము. చూసినవాళ్ళు "దావీదు చెయ్యి మంచిది" అంటుంటే, రంగనాయకులుకు తన చెయ్యి చెడ్డదన్నట్టు వినిపించేది.

కాఫీ ఇస్తూ భార్య వెంకటశేషమ్మ అంది, "బాయికాడ దావీదు పెళ్ళాం పుష్పకుమారి చెప్పింది. వాళ్ళాయన కారు కూడా ప్రదర్శనకు పోతా ఉందంట. తలుపులు తెరుచుకుంటాయంట. దీపాలు వెలగతాయంట. స్టీరింగు తిప్పితే చక్రాలు తిరగతాయంట."

"అంటా అంటా... నువ్వు చూసినావా?"

"నేనేడ చూసినా. మీ తలుపులు తెరుచుకోవు గదా?"

తెరుచుకోవు. గీసిన తలుపులు ఎట్లా తెరుచుకుంటాయి? కాఫీ సగంలో వదిలేసి రంగనాయకులు లేచాడు. బస్సుకు ఇంకా గంట ఉంది. ఆ కారును ఒక్కసారి కంటితో చూస్తే తప్ప కాలు బస్సెక్కేట్టు లేదు. చూపించమని అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. అందుకని రోగం పెట్టుకున్నాడు.

"కడుపులో మంటగా ఉంది దావీదూ," అన్నాడు డిస్పెన్సరీ బల్ల మీద కూలబడి. అందులో అబద్ధం ఏమీ లేదు.

"ఎప్పటినుంచన్నా?"

"పొద్దుటి నుంచి."

"ఏం తిన్నారు?"

"ఏం తినలా." విన్నానని మాత్రం చెప్పలేదు.

దావీదు పొట్ట అక్కడా ఇక్కడా నొక్కి చూశాడు, గోడ గడియారం కేసి చూశాడు. "లోపల మంచం మీద పండుకోండి. ఓ గంట కదలబాకండి," అన్నాడు. తెల్లటి మందొకటి తాగించాడు. సున్నం తాగినట్టుంది. అయినా రంగనాయకులు కిక్కురుమనలేదు. అతనికి కావలసింది లోపలి గదే.

మంచానికి ఎదురుగా అలమారలో, గాజుగుడ్డ కప్పుకుని కారు ఉండనే ఉంది. దావీదు మందుసీసాలు కడగడానికి పెరట్లోకి వెళ్ళగానే రంగనాయకులు లేచి గుడ్డ తీశాడు. తలుపు తెరిచాడు. తెరుచుకుంది. మీట నొక్కాడు. టార్చిలైటు బల్బులు రెండూ వెలిగాయి. లోపల రాగితీగతో చేసిన స్టీరింగు, చిటికెన వేలి గోరంత, మూడు కమ్మీలతో సహా ఉంది. దాన్ని రెండు వేళ్ళతో పట్టి ఎడమకు తిప్పాడు. చక్రాలు ఎడమకు తిరిగాయి. కడుపులో మంట గొంతు దాకా వచ్చింది. కుడికి కొంచెం గట్టిగా తిప్పాడు. స్టీరింగు ఊడి చేతిలోకి వచ్చింది.

పెరటి తలుపు చప్పుడైంది. ఒంటి మీద బనీనూ పంచే తప్ప జేబు లేదు. రంగనాయకులు గుడ్డ కప్పేసి, స్టీరింగును బుగ్గన పెట్టుకుని, మంచమ్మీద పడ్డాడు.

"ఎట్లా ఉందన్నా ఇప్పుడు?"

రంగనాయకులు తల ఊపాడు.

"నాలుక చూపించండి."

అడ్డంగా ఊపాడు.

"నోరు తెరవండన్నా." దావీదు దగ్గరికి వచ్చి గడ్డం పట్టుకుని లాగాడు. రంగనాయకులు పళ్ళు గిట్టకరిచాడు. నుదుటి మీద చెమట పట్టింది. దావీదు మణికట్టు పట్టుకుంటే నాడి గుర్రంలా పరుగెత్తుతోంది. అప్పుడే అతని కన్ను రంగనాయకులు చూపుడువేలి కట్టు మీద పడింది. "ఇదేంది? రేకు గీసుకునిందా?"

నిజంగానే గీసుకుంది, నాలుగు రోజుల కిందట. రంగనాయకులు అవునన్నట్టు తలూపాడు.

దావీదు ముఖంలో నెత్తురు లేదు. "ధనుర్వాతం," అన్నాడు తనలో తాను. "దేవా, నిజంగానే వచ్చిందే."

ఆ 'నిజంగానే' ఏమిటో ఆలోచించే స్థితిలో రంగనాయకులు లేడు. బయట తొమ్మిది గంటల బస్సు హారను కొట్టుకుంటూ వెళ్ళిపోయింది. ఉమ్మేసి నిజం చెబుదామని ఒకసారి అనుకున్నాడు. కానీ దావీదు కారు ముందు, దావీదు స్టీరింగును దావీదు చేతిలో ఉమ్మడం కంటే ధనుర్వాతమే గౌరవంగా తోచింది.

కబురందుకుని వెంకటశేషమ్మ జుట్టు ముడి కూడా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చింది. "పొద్దున బాగా ఉన్నారయ్యా. కాఫీ వదిలేసి లేచినప్పుడే నేను అనుకోవాల్సింది," అని మంగళసూత్రం పట్టుకుని ఏడ్చింది. చెంచురామయ్య గారు మిల్లు ఆపి కారు తానే తోలుకొచ్చారు. రంగనాయకులును వెనక సీటులో పండబెట్టారు. మూడేళ్ళు బయటినుంచే కొలిచిన కారులోకి ఎక్కడం అదే మొదటిసారి. పైకప్పు లోపలి గుడ్డ బూడిదరంగని తనెప్పుడూ చూడలేదు. తన కారులో తెలుపు వేశాడు. ఆ స్థితిలోనూ ఆ తప్పుకు మనసు చివుక్కుమంది.

దావీదు తలవైపు కూర్చుని దారి పొడుగునా ప్రార్థన చేస్తూనే ఉన్నాడు. కాలవ కల్వర్టు దగ్గర కారు ఒక గుంటలో పడి లేచింది. రంగనాయకులు గుటక వేశాడు. తర్వాత నాలుకతో రెండు బుగ్గలూ వెతికి చూశాడు. ఏమీ లేదు.

"మింగినా," అన్నాడు లేచి కూర్చుని.

"నోరొచ్చింది," అంది వెంకటశేషమ్మ. "ఏం మింగినారు?"

"ఉమ్ము." తర్వాత గబగబా, "నాకేం లేదు. తగ్గిపోయింది. కారు ఇంటికి తిప్పండి. బిస్కెట్ల డబ్బా తెచ్చుకుంటే ఇంకా పన్నెండు కాకముందే పోవచ్చు," అన్నాడు.

"పలవరింత," అన్నాడు దావీదు భయంగా.

"ఇంత దూరం వచ్చినాక చూపించకుండా తీసుకపోతే ఊళ్ళో నన్ను నాలుగు మాటలంటారు," అని చెంచురామయ్య గారు ఇంకాస్త వేగంగా తోలారు.

నెల్లూరు పెద్దాసుపత్రిలో డాక్టరు నోరు తెరిపించాడు, మూయించాడు. ధనుర్వాతం లేదన్నాడు. "మరి పొద్దున కడుపుమంట అన్నారు," అని దావీదు గుర్తు చేశాడు. వరస వచ్చేదాకా బెంచీ మీద కూర్చోబెట్టి, ఎక్స్‌రే తీశారు. అది కడిగి ఆరేసేసరికి పన్నెండూ దాటింది, ఒంటిగంటా దాటింది.

డాక్టరు ఫిల్మును కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. పక్కటెముకల కింద, కొంచెం ఎడమగా, చిన్న గుండ్రటి చక్రం. మూడు కమ్మీలు.

"ఏందిది? గుండీనా?" అన్నాడు డాక్టరు.

దావీదు మెడ ముందుకు చాచి చాలాసేపు చూశాడు. "గుండీ కాదు సార్. స్టీరింగు. నాదే." ఆగి, "కమ్మీలు ఎంత బాగా పడినాయో," అన్నాడు.

డాక్టరు మూడు రోజులు అరటిపళ్ళు పెట్టి కనిపెట్టుకుని ఉండమని చెప్పి వెళ్ళిపోయాడు. రంగనాయకులు గోడకేసి చూస్తూ పడుకున్నాడు. దావీదు తిడితే బాగుండుననిపించింది. అతను తిట్టలేదు. స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

"అన్నా, ఒక మాట. పొద్దున పొట్ట నొక్కినప్పుడే నాకు తెలిసిపోయింది, మీకేం లేదని."

రంగనాయకులు ఇటు తిరిగాడు. "మరెందుకు పండబెట్టినావు? ఆ సున్నం నీళ్ళెందుకు తాపినావు?"

"తొమ్మిది బస్సు పోయేదాకా ఉంచుదామని. నేను పదిన్నర బస్సుకు పోదామనుకున్నా. తర్వాత మీ నోరు పడిపోయేసరికి, నేను చేసినదానికి దేవుడు మీకు నిజంగానే ఇచ్చినాడనుకున్నా. నా కారు సంగతే మర్చిపోయినా."

"నీ కారుకేం తక్కువయ్యా? తలుపులు తెరుచుకుంటాయి. దీపాలు వెలగతాయి."

"అన్నీ ఉండాయన్నా. కానీ దూరం నుంచి చూస్తే సామాన్లు పెట్టుకునే డబ్బా మాదిరి ఉంటది. మీది చూస్తే ఎవరికన్నా తలుపు తీసి ఎక్కాలనిపిస్తది. ఆ గీతలు నాకు రావు. ఆర్నెల్లుగా గీస్తా ఉండా, రావు. మీ ఇంటి ముందు నుంచి పోయినప్పుడల్లా మీ కిటికీలో ఆ కారు చూసి, ఇంటికొచ్చి అన్నం తినేవాణ్ణి కాదు."

రంగనాయకులు మంచం మీద లేచి కూర్చున్నాడు. ఏడాదిగా తాను మింగుతున్నదంతా ఎదుటివాడూ మింగుతున్నాడని తెలిసేసరికి ప్రాణం చల్లబడింది. ఏ బహుమతి ఇచ్చినా అంత హాయి ఉండదు. "కలం నిటారుగా పట్టుకుంటా ఉండావేమో," అన్నాడు చివరికి. "పడుకోబెట్టి పట్టుకోవాల."

ఇదంతా వెంకటశేషమ్మ తలుపు దగ్గర నిలబడి విన్నది. "దావీదూ, ఓ వారం మా ఇంటివైపు రాబాకయ్యా," అంది. తర్వాత మొగుడి వైపు తిరిగి, "మీరు కూడా," అని, చెంచురామయ్య గారి కారులో ఇంటికి వెళ్ళిపోయింది.

స్టీరింగు మూడో రోజు బయటపడింది. ఆ మూడు రోజులూ అరటిపళ్ళు తెచ్చింది దావీదే. ఆసుపత్రి నుంచి వదిలేశాక, ఎట్లాగూ వచ్చారు కదా అని ఇద్దరూ ప్రదర్శన చూడబోయారు. మొదటి బహుమతి మైపాడు బడిపంతులమ్మ కామమ్మ గారు గవ్వలతో చేసిన నెమలికి వచ్చింది. జనం దాని చుట్టూ మూగి, ఆమె చెయ్యి ఎంత మంచిదో అని మెచ్చుకుంటున్నారు. ఇద్దరూ వాళ్ళని తోసుకుని ముందుకు వెళ్ళి నిలబడ్డారు.

"ఈకలు సమంగా లేవన్నా," అన్నాడు దావీదు మెల్లగా.

"కాళ్ళు చూడు. అవి నెమలి కాళ్ళు కావు, కొంగవి."

సాయంత్రం బస్సు వేళకు ఆ నెమలిలో ఇద్దరికీ కలిపి పదకొండు తప్పులు దొరికాయి.