అతుకు కనపడని అన్నదమ్ములు

అందరూ ఒకచోట చేరితేనే గ్రూప్ ఫోటో వస్తుందని నమ్మేవాళ్లు ఇంకా ఉన్నారంటే నాకు జాలేస్తుంది. అయ్యా, అమ్మా, ఏ కాలంలో ఉన్నారు మీరు? కుటుంబం కలిసి ఉండాలంటే మనుషులు కలవక్కర్లేదు. ఫోటోలు కలిస్తే చాలు!

నేనీ మధ్యే ఫోటోలని ఒకదానికొకటి అతికే కొలాజ్ విద్య నేర్చుకున్నాను. గళ్లు గళ్లుగా, ఒక్కొక్కళ్లని ఒక్కో గదిలో పెట్టి తాళం వేసినట్టుండే పాతకాలం కొలాజ్ కాదు సుమండీ. ఇప్పుడు యాప్‌లో ఒక ఫోటో పక్కన ఇంకో ఫోటో పెట్టి, అంచు మీద వేలితో మెల్లగా రుద్దితే చాలు, మధ్యలో గీత కరిగిపోతుంది. ఈ గోడ ఆ గోడలో కలిసిపోతుంది. దీన్నే బ్లెండింగ్ అంటారు. నేనైతే శాంతి ఒప్పందం అంటాను.

లాభాలు చూడండి. నిజంగా కలిస్తే ఎంత తలనొప్పి! ఒకరొచ్చేసరికి ఇంకొకరికి వెళ్లే టైమవుతుంది. తీరా ఫోటో తీసే క్షణానికి ఒకాయన కళ్లు మూస్తాడు, ఒకావిడ ఫోన్ చూస్తుంది. నా కొలాజ్‌లో అందరి కళ్లూ తెరిచే ఉంటాయి. "ఏంటి, ఇలా లావైపోయావ్?" అని ఎవరూ అనరు. అనడానికేముంది? నా పొట్టని ఎడమ పక్కనున్న కర్టెన్‌లోకి బ్లెండ్ చేసేశాను. ఏ జిమ్ము ఇవ్వగలదండీ ఈ ఫలితం!

ఈ విద్యకి మొదటి పరీక్ష మా అక్క పెట్టింది. తోబుట్టువులందరిలోకీ పెద్దది, ఆసుపత్రిలో నర్సుగా చేసి ఈ మధ్యే రిటైరైంది. కానుకగా ఏం కావాలని ఫోన్ చేసి అడిగాను.

"నాకేం వద్దురా. నువ్వూ, మీ అన్నయ్యా, చెల్లీ ఒక్క సోఫాలో కూర్చుని, నవ్వుతూ ఒక ఫోటో దిగి పంపండి. అదే చాలు" అంది.

చీర అడిగినా బాగుండేది! ఎందుకంటే అన్నయ్యకీ నాకూ మాటల్లేవు. తప్పు నాది కాదు, సాహిత్యానిది. ఆయన గురక మీద ఒకసారి ఇదే కాలమ్‌లో రాశాను. పాఠకులు పడీపడీ నవ్వారు. అన్నయ్య నవ్వలేదు. "ఇన్నాళ్లూ నా గురక మా ఇంట్లోవాళ్లకే తెలుసు. నువ్వు ఊరంతా వినిపించావు" అని ఫోన్ పెట్టేశాడు. అప్పటినుంచీ ఒకే ఊళ్లో, రెండు బస్‌స్టాపుల దూరంలో, ఎవరి పౌరుషం వాళ్లం కాపాడుకుంటూ బతుకుతున్నాం.

ఫోటో కోసం వెళ్లి సారీ చెప్పడమా? చేతిలో యాప్ పెట్టుకుని!

ఫ్యామిలీ గ్రూపులో వెతికితే అన్నయ్య ఫోటో ఒకటి దొరికింది. గుబురు మీసంతో, ఒక ప్లాస్టిక్ కుర్చీ మీద చెయ్యేసి నవ్వుతున్నాడు. కుర్చీని లేపేసి ఆ స్థానంలో నన్ను పెట్టాను. నాకు మాత్రం ఈ కాలమ్ పైన వేసే ఫోటోనే వాడుకున్నాను, అందులో నాకింకా జుట్టుంది. చెల్లెలి ఫోటో వాళ్లబ్బాయి మీద అరుస్తుండగా తీసింది. నా పక్కకి చేర్చగానే నా జోకుకి విరగబడి నవ్వుతున్నట్టు తయారైంది! ఆమె వెనకనుంచి పొడుచుకొచ్చిన వాళ్లాయన, అదే మా బావగారి మోచేతిని దిండుగా మార్చి, ముగ్గురి కిందా ఒక సోఫా చేర్చి, అంచులన్నీ రుద్దేశాను. అతుకెక్కడుందో నాకే కనపడలేదు.

నా భుజం మీద అన్నయ్య చెయ్యి చూసుకుంటూ కాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఆ కుర్చీ మీద కాస్త అసూయ కూడా వేసింది. సాంకేతిక కారణాల వల్లే లెండి.

ఫోటో పంపిన కాసేపటికే అక్క ఫోన్.

"ఎంత ముచ్చటగా ఉన్నార్రా! ఎలాగూ కలిసిపోయారు కదా, ఆదివారం భోజనానికి అందరూ మా ఇంటికి వచ్చెయ్యండి. ఇదే వరసలో కూర్చోబెట్టి నేనూ ఒకటి తీసుకుంటా."

బ్లెండింగ్ మరీ బాగా కుదిరితే వచ్చే ఇబ్బంది ఇదొక్కటే. నిజం చెబితే అక్క సంతోషం ఆవిరైపోతుంది. చెప్పకపోతే ఆదివారం వచ్చేస్తుంది. నేను ఆదివారాన్నే ఎంచుకున్నాను. అది ధైర్యమనుకునేరు, చెప్పే ధైర్యం లేక!

ఆదివారం అక్క వంటింట్లో ఉంది. చెల్లెలూ బావగారూ కంచాలు సర్దుతున్నారు. బెల్ మోగితే నేనే వెళ్లి తలుపు తీశాను. ఎదురుగా పళ్ల సంచితో ఒక పెద్దాయన. నున్నటి మొహం.

"ఎవరు కావాలండీ?" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూసి, "నేన్రా. మీ అన్నయ్యని" అన్నాడు.

గొంతు విన్నాక గానీ పోల్చుకోలేకపోయాను. ఆ గుబురు మీసం ఏది?

"వాడు మీసం తీసేసి రెండేళ్లయిందిరా!" వంటింట్లోంచి అక్క కేకేసింది. "నీ ఫోటోలో మళ్లీ నువ్వే మొలిపించావు."

"అంటే... నీకు ముందే తెలుసా?"

అక్క గరిటె పట్టుకునే బయటికొచ్చింది. "చూడగానే తెలిసింది. తోడబుట్టినవాడి మొహం నువ్వు చూసి ఎన్నాళ్లయిందో కూడా తెలిసింది."

నా దగ్గర వేలుంది గానీ, రుద్దడానికి అక్కడ అంచేదీ దొరకలేదు. సిగ్గేసింది. ఇది మాత్రం వ్యంగ్యం కాదు.

"గురక సంగతి... తప్పైపోయింది అన్నయ్యా" అన్నాను.

"అది సరే. అక్క నాకు పంపిన ఫోటోలో ఉన్న ఆ జుట్టంతా ఏదిరా?" అన్నాడు.

అక్క మమ్మల్ని సోఫాలో ఇరికించి, తన ఫోన్‌లో ఫోటో తీసింది. చెత్తగా వచ్చింది. చెల్లెలు కళ్లు మూసింది. నా బట్టతల మీద లైటు పడి మెరిసింది. బావగారి మోచెయ్యి పిలవకుండానే వచ్చేసింది. అన్నయ్య నా భుజం మీద వేసిన చెయ్యి చాలా బరువుగా ఉంది. తీసేస్తాడేమోనని కదలకుండా కూర్చున్నాను.

పాఠకులారా, నా వాదన మాత్రం మారలేదు. అయినవాళ్ల మొహం చూడకుండా జీవితం గడిపేయడానికి బ్లెండింగ్‌ని మించిన సదుపాయం లేనే లేదు!

భోజనాలయ్యాక అన్నయ్య అదే సోఫాలో నడుం వాల్చాడు. ఆ తర్వాత ఆ గదిలో ఏం వినిపించిందో నేను చచ్చినా రాయను. ఆయనకి మాటిచ్చాను.