కోతులకు పెట్టిన పాట

పెళ్లికొడుకులకు పాటలు తెలియవు. మునిరామయ్య దృష్టిలో ఇది తేలిపోయిన విషయం. కూతురు లోహితకు వచ్చిన మూడు సంబంధాలూ పాట దగ్గరే తప్పిపోయాయి.

లోహిత శ్రీ సిటీలో ఉద్యోగం చేస్తుంది. ఆమెకు ప్రాణం సమ్మెట. అది బెంగళూరు కుర్రాళ్ల హెవీ మెటల్ బ్యాండు. వాళ్లు పాడేది తెలుగే అని లోహిత అంటుంది. విన్నవాళ్లు నమ్మరు. చూడ్డానికి వచ్చిన ప్రతివాణ్నీ ఆమె ఒకటే అడుగుతుంది, సమ్మెట పాటల్లో మీకు ఏది ఇష్టమని. నాలుగో సంబంధం రఘునాథ్ ఫొటోలో సమ్మెట టీషర్టు వేసుకున్నాడు. అది చూసే సరేనంది. ఇదే ఆఖరుసారి, ఇంకెవరి ముందూ కూర్చోనని కూడా చెప్పింది. భార్య చంద్రకాంతమ్మ బతికుంటే ఇవన్నీ ఆమె చూసుకునేది. మొగుణ్ని ఒంటరిగా వదిలేసి ముందే పోయింది. అన్నిటికీ తొందరే ఆమెకు.

ఆదివారం పొద్దున మునిరామయ్య అనుకున్నది చిన్న పని. వాళ్లొస్తారు, బోండాలు తింటారు, పిల్లను చూస్తారు, పోతారు. చుట్టాల ముందు గోల ఎందుకని తోటలో స్పీకరు కూడా ఆపేశాడు.

పాకాల దగ్గర ఆ ఊళ్లో మామిడికాయ చేతికి రావాలంటే కోతుల్ని ఆపాలి. అందుకే లోహిత తోట చివర, కొండ వైపు, పెద్ద స్పీకరు పెట్టించింది. స్విచ్చి ఇంటి వసారాలో ఉంటుంది. అందులో సమ్మెట వాళ్ల 'తుప్పు' అనే పాట ఒక్కటే తిరిగి తిరిగి మోగుతుంది. మోగినంతసేపూ కోతులు కొండ దిగవు. మొదట్లో మునిరామయ్య చెవుల్లో దూది పెట్టుకునేవాడు. ఇప్పుడు దూది లేదు. చెట్లకు నీళ్లు కట్టేటప్పుడు తల దానంతటదే ఊగుతుంది.

బోండాలకు పిండి కలుపుతుంటే ఫోను మోగింది.

"మామా, నేను రఘునాథ్‌ను. ఆ టీషర్టు నాది గాదు. నా రూములో ఉండే మునిశేఖర్‌ది. నా బట్టలు ఆరలేదని ఏసుకున్యా."

ఇంకా చూపులే కాలేదు, అప్పుడే మామ. మునిరామయ్య దాన్ని వదిలేశాడు. మిగిలింది వదిలేసేది కాదు.

"పాట ఏదని అడుగుతాదంట గదా. ఏం జెప్పేది మామా?"

"తుప్పు అని జెప్పు. పాపకు అదంటే పాణం. ఈడ తోటలో పొద్దస్తమానం అదే."

"బాగుంటాదా?"

"నీకేమప్పా దాంతో. జెప్పు, అంతే."

పది దాటాక రఘునాథ్, వాళ్లమ్మ మునిరత్నమ్మ శ్రీకాళహస్తి నుంచి కారులో దిగారు. వసారాలో కూర్చున్నారు. లోహిత బోండాల పళ్లెం పెట్టి, తనూ కూర్చుని, నేరుగా అడిగేసింది.

"తుప్పు," అన్నాడు రఘునాథ్.

లోహిత ముఖం కదలలేదు. "ఎందుకు?"

ఎందుకో మునిరామయ్య చెప్పి ఉండలేదు. రఘునాథ్ ఆయన వైపు చూశాడు.

"ఆ డ్రమ్ము," అన్నాడు మునిరామయ్య, ఆగలేక. "మధ్యలో ఆగి మళ్లా పడతాది సూడు, ఆడ."

"ఆ డ్రమ్మే," అన్నాడు రఘునాథ్.

కొడుకు చెమటలు చూసి మునిరత్నమ్మ ఒక చెయ్యి వేసింది. "మావోడు నిద్దర లేస్తానే ఆ పాటే పాడతాడు. నాకూ నోటికొచ్చేసింది."

"అట్లనా అత్తా? అయితే అందరం ఇందాం," అని లోహిత లేచి స్విచ్చి వేసింది.

పొద్దుటినుంచీ పాట లేదు. కోతులన్నీ అప్పటికే తోటలో ఉన్నాయి. కొండ వైపు నుంచి తుప్పు మొదలైంది. కోతులకు పారిపోవడానికి మిగిలింది ఇల్లే.

మొదట బోండాలు పోయాయి. తర్వాత తాంబూలం పళ్లెం. ఒక కోతి మునిరత్నమ్మ జడలోని కనకాంబరాలు లాక్కుని మంచమెక్కింది. ఇంకొకటి రఘునాథ్ భుజమ్మీద కూర్చుని చొక్కా జేబు వెతికింది. డ్రమ్ము ఆగి, మళ్లీ పడింది.

"ఆపండి సామీ," అని అరిచాడు రఘునాథ్. "ఇదేం పాట? రేకుల షెడ్డు కూలినట్లుండాది. నాకు ఈ పాటా తెలీదు, ఆ బ్యాండూ తెలీదు. ఆ టీషర్టు నాది గాదు."

మునిరామయ్య స్విచ్చి ఆపేశాడు. కోతులు దొరికింది పట్టుకుని ప్రహరీ ఎక్కాయి. ఆఖరి సంబంధం కూడా పోయింది. మునిరత్నమ్మ చెప్పులు వెతుక్కుంటోంది.

లోహిత నవ్వడం మొదలుపెట్టింది.

"కూర్చో అత్తా. ముందొచ్చినోళ్లు ఫోన్లో పేరు సూసుకోని జెప్పినారు. ఒకడూ ఇన్లేదు. ఈయన ఇన్నాడు, బాగలేదన్నాడు. నిజంగానే బాగలేదు. సమ్మెట వాళ్ల పాటల్లో దరిద్రమైంది అదొక్కటే. అందుకే కోతులకు పెట్టినా." రఘునాథ్ వైపు తిరిగింది. "మంచివి నేను ఇనిపిస్తా. తుప్పు అని నీకు జెప్పిందెవురు?"

రఘునాథ్ మునిరామయ్యను చూశాడు.

"నాయనా," అంది లోహిత, "చెవులున్నోడెవుడూ ఆ పాట బాగుందనడే?"

మునిరామయ్య ప్రహరీ మీద బోండా తింటున్న కోతిని శ్రద్ధగా చూశాడు. మునిరత్నమ్మ చెప్పులు విడిచి, జడ సర్దుకుని, లగ్గం ఎప్పుడు పెట్టుకుందామని అడిగింది. మునిరామయ్య గుండెల మీది బండ దిగిపోయింది. ఆ మధ్యాహ్నం రెండోసారి అన్నం పెట్టించుకుని తిన్నాడు. చంద్రకాంతమ్మ పోయాక అదే మొదలు.

పెళ్లయింది. మామిడి కోతా అయిపోయింది. చెట్ల మీద కాయ లేదు, కోతులు ఇటు రావడం లేదు. స్పీకరు మాత్రం మోగుతూనే ఉంది. దాని గురించి మునిరామయ్య ఇక జన్మలో మాట్లాడడు.